అటక మీద దొరికిన తాతగారి ఫిడేలు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి: తాతగారి ఫిడేలు చాలా ఏళ్ల తర్వాత అటక మీద దొరికింది. లోపల స్ట్రాడివేరియస్ అని చీటీ ఉంది (పాతకాలపు గొప్ప ఫిడేలు తయారీదారు స్ట్రాడివారి పేరు అది). కదిపితే ఏదో దొర్లుతున్న చప్పుడు వస్తోంది. మామూలు ఫిడేలు కంటే కాస్త పెద్దదేమో అని కూడా అనుమానం. పదకొండేళ్ల అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, దీన్నే బాగు చేయించి ఇవ్వాలా, కొత్తది కొనాలా అని అడిగారు.

చెక్క పుచ్చిపోకుండా, మెడ విరగకుండా ఉంటే బాగు చేయించండి. నా ఫిడేలు కూడా ఇంకొకరి ఇంట్లోంచి వచ్చిందే. 1991లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, విజయనగరంలో మా నాన్నగారు కొన్నారు. వాయించే పెద్దాయన పోయాక ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. అప్పటి నుంచి ఇప్పటివరకు నేను ఇంకో ఫిడేలు కొనలేదు, కొనాలని అనిపించలేదు.

ముందు ఒక పని చేయండి. తీగలు ఏమైనా బిగువుగా ఉంటే ఇవాళే వదులు చేసేయండి. దొర్లుతున్నది బహుశా సౌండ్ పోస్ట్. అది పెన్సిల్ లావు ఉండే చిన్న కర్ర. తీగల కింద నిలబడే చెక్క బ్రిడ్జికి మొదటి తీగ (అన్నిటికంటే సన్నటిది) వైపు కాలు ఉంటుంది చూశారా, దానికి కొంచెం వెనకగా, లోపల పై పలకకీ కింది పలకకీ మధ్య నిలబడి ఉంటుంది. బంక పెట్టరు, రెండు పలకల ఒత్తిడికే నిలుస్తుంది. తీగల బరువంతా బ్రిడ్జి మీదుగా పై పలక మీద పడుతుంది. ఆ కర్ర లేకుండా తీగలు బిగిస్తే పలక కుంగిపోవచ్చు, పగలవచ్చు. ఫ్రెంచి వాళ్లు ఆ కర్రని ‘ఆత్మ’ అనే మాటతోనే పిలుస్తారు. పోస్టు నిలబెట్టడానికి ఎస్ ఆకారంలో వంగిన ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది, దాన్ని బ్రిడ్జి పక్కన పై పలకలో ఉన్న ఎఫ్ ఆకారపు సందులోంచి లోపలికి పంపి నిలబెడతారు. ఇంట్లో ప్రయత్నించకండి, ఆ సందు అంచులు చాలా తేలిగ్గా చిట్లిపోతాయి. రేపు ఫిడేలు బాగయ్యాక కూడా గుర్తుపెట్టుకోండి: తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే తీసి మార్చాలి. నాలుగూ ఒకేసారి తీస్తే పోస్టు మళ్లీ పడిపోవచ్చు.

తర్వాత, ఎవరి చేతికి ఇస్తున్నారో చూసుకోండి. అది చూసుకోక నేను మూల్యం చెల్లించాను. ఇంటర్ చదివే రోజుల్లో ఒక మే నెలలో కచేరీకి వెళ్తూ ఫిడేలుని మూసి ఉన్న కారులో రెండు గంటలు వదిలేశాను. తిరిగొచ్చి పెట్టె తెరిస్తే పక్క అతుకు జానెడు పొడవున విడిపోయి ఉంది. టెన్షన్‌లో దగ్గరలో ఉన్న ఒక షాపుకి పరుగెత్తాను. ఆయన వడ్రంగులు వాడే తెల్ల బంక పూసి, తాడు కట్టి, మర్నాడు ఇచ్చేశాడు. చూడటానికి బాగానే ఉంది. రెండేళ్లకి చలికాలంలో పై పలకే చీలింది.

దాన్ని చెన్నైలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన నన్ను కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. ఫిడేలుకి వాడేది జంతువుల చర్మం నుంచి తీసిన బంక. వేడి నీళ్ల ఆవిరి తగిలితే వదిలేస్తుంది. అది లోపం కాదు, అలాగే ఉండాలి. చెక్క ఎండకి బిగుసుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. ఆ లాగుడు ఎక్కువైనప్పుడు అతుకు విడిపోతే చెక్క బతుకుతుంది. అతుకుని కదలనివ్వకుండా గట్టి బంకతో బిగించేస్తే ఆ లాగుడు చెక్కనే చీలుస్తుంది. నా ఫిడేలుకి జరిగింది అదే. ఆ తెల్ల బంకని గీకి తీయడానికే ఆయనకి ఒక మధ్యాహ్నం పట్టింది. చీలిక దగ్గర లోపలి వైపు చిన్న చిన్న చెక్క బిళ్లలు అతికించారు. ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. నేను దాన్ని రోజూ చూస్తాను.

అందుకే మీరు రిపేరుకి ఇచ్చే ముందు ‘ఏ బంక వాడతారు?’ అని అడగండి. జవాబు వినగానే మీకు తెలిసిపోతుంది. అమ్మాయికి నేర్పే మాస్టారు తన ఫిడేలు ఎవరికి ఇస్తారో వాళ్లకే ఇవ్వడం అన్నిటికంటే క్షేమం.

ఇక ఆ చీటీ. స్ట్రాడివారి ఇటలీలోని క్రెమోనాలో పనిచేసి 1737లో పోయారు. ఆయన చేసిన వాయిద్యాలు ఇప్పుడు సుమారు 650 మిగిలి ఉన్నాయంటారు. ఆ పేరుతో చీటీ ఉన్న ఫిడేళ్లు మాత్రం లెక్కలేనన్ని. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్, దాని పక్కనే ఉన్న బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది) ఊళ్లు, ఫ్రాన్సులో మీర్‌కూర్, ఇక్కడంతా వందల కుటుంబాలు ఫిడేళ్లు తయారుచేసి ప్రపంచమంతా అమ్మేవి. ఏ మాదిరి మీద చేశారో చెప్పడానికి పాత మాస్టర్ల పేరుతో చీటీ అతికించేవారు. నా దాంట్లో కూడా స్ట్రాడివేరియస్, 1721 అని ఉంది. నాన్నగారు వారం రోజులు నిద్రపోలేదు. మా మాస్టారు టార్చి వేసి చూసి, చీటీ కింద చిన్న అక్షరాల్లో ‘మేడిన్ చెకోస్లొవేకియా’ అని ఉందని చూపించారు. ఆ దేశం పుట్టిందే 1918లో. మీరూ టార్చి వేసి చీటీ అడుగు వరకు చదవండి. దేశం పేరు ఉంటే చాలా సంగతి తేలిపోతుంది.

అలా తేలితే నిరాశ పడకండి. ఆ ఊళ్లలో చేసినవాటిలో మంచి చెక్కతో చేసినవి చాలా ఉన్నాయి. పై పలక స్ప్రూస్, వెనక పలక మేపుల్, వేళ్లు పెట్టే పట్టీ నల్ల ఎబొనీ చెక్క అయితే మంచిదే. వెనక పలకని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. పులి చారల్లాంటివి కదులుతున్నట్టు కనిపిస్తే అది మేపుల్ చెక్కలోనే ఉండే చార. ఎంత వంచినా కదలకుండా ఉంటే రంగుతో గీసిందై ఉండవచ్చు.

పెద్దదిగా ఉందన్నారు కాబట్టి టేపు పెట్టి వెనక పలక పొడవు కొలవండి. మెడ కింద చిన్న నాలుకలా పొడుచుకొచ్చిన భాగం వదిలేసి కొలవాలి. 14 అంగుళాలుంటే ఫుల్ సైజు ఫిడేలు. 15 దాటితే మీ దగ్గరున్నది వయోలా, ఫిడేలు లాంటిదే కానీ కాస్త పెద్ద వాయిద్యం. అదే అయితే ఇంకా సంతోషించండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వయోలా వాయించేవారు, కచేరీలు కూడా చేశారు. వయోలా గొంతు మగవాళ్ల గొంతులా నిండుగా, కిందికి ఉంటుంది. అయితే పదకొండేళ్ల పిల్లకి ఇప్పుడే బరువవుతుంది, చేయి చాలదు. దానికి వయోలా తీగలే వేయాలి, ఫిడేలు తీగలు సరిపోవు.

ఫుల్ సైజు ఫిడేలు అయినా అమ్మాయిని ఒకసారి మాస్టారి ముందు పట్టుకుని కూర్చోమనండి. మనం కింద కూర్చుని, ఫిడేలు తలని కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం కాబట్టి, పాశ్చాత్య పద్ధతిలో చెప్పే చేతి కొలతలు అచ్చంగా పనికిరావు. మొదటి తీగ మీద చిటికెన వేలు బిగుసుకోకుండా అందుతుంటే చాలు. అందకపోతే ముప్పావు సైజుది ఏడాదో రెండేళ్లో అద్దెకి తీసుకోండి. ఈలోపు తాతగారిది సిద్ధమవుతుంది.

శ్రుతి గురించి భయం వద్దు. పాత చెక్క మన శ్రుతికి తట్టుకుంటుందా అని చాలామంది అడుగుతారు. ఐదున్నర శ్రుతిలో (పాశ్చాత్య లెక్కలో జి షార్ప్) నాలుగు తీగలనీ స, ప, స, ప అని కలిపితే, పాశ్చాత్య పద్ధతితో పోలిస్తే మొదటి రెండు తీగలు అర మెట్టు దిగుతాయి, చివరి రెండు అర మెట్టు ఎక్కుతాయి. మొత్తం మీద పలక మోసే బరువులో పెద్ద తేడా ఉండదు. మొదటి వారం మాత్రం తక్కువ శ్రుతిలో ఉంచి, రోజుకి కాస్త పెంచుకుంటూ రండి. బిరడాలు జారుతుంటే కొంచెం సుద్ద రాస్తే పట్టుకుంటాయి. కమాను వెంట్రుకలని పెట్టెలోని పురుగు కొరికేసి ఉంటే దాని మీద పెద్దగా ఖర్చు పెట్టకుండా మామూలు కొత్త కమాను కొనండి. మాస్టారు ఆ పాత కర్ర మంచిదని చెబితే అప్పుడు వెంట్రుకలు మార్పించవచ్చు.

ఇదంతా ఎందుకు ఇంత ఇదిగా చెబుతున్నానంటే, నా ఫిడేలులో ఒక లోపం ఉంది. నాలుగో తీగ మీదే పైకి జారుతూ మధ్యస్థాయి అంతర గాంధారం అనే ‘గ’ స్వరం దగ్గరికి వస్తే ఒక గురగుర వస్తుంది. శంకరాభరణం రాగం ఆలాపనలో అక్కడ నిలబడాలని ఉంటుంది, అది నిలబడనివ్వదు. చెన్నై పెద్దాయన సౌండ్ పోస్టుని వెంట్రుకవాసి జరిపి ఆ గురగుర దాదాపు పోగొట్టారు. ఇంటికొచ్చి మంద్ర షడ్జం (నాలుగో తీగ పలికే కింది ‘స’) మీద కమాను వేస్తే నా ఫిడేలు గొంతు కాదది. పలచబడిపోయింది. ఆ మంద్ర షడ్జం వింటూ పెరిగాను నేను. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ‘ఇంకోసారి ఆ తీగ వాయించమ్మా’ అనేవారు. పది రోజులు ఓర్చుకుని, మళ్లీ చెన్నై వెళ్లి, పోస్టుని పాత చోటికే జరిపించుకున్నాను. ఆ గాంధారాన్ని రెండో తీగ మీద పలికించడం నేర్చుకున్నాను. మంచి ఫిడేళ్లు చాలా వాయించి చూశాను, వాటిలో ఆ గురగుర లేదు, ఆ షడ్జమూ లేదు.

విజయనగరంలో పుట్టినవాళ్లకి ఫిడేలు అంటే ద్వారం వెంకటస్వామి నాయుడుగారే. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ఆయన ఫిడేలు ఆచార్యులు, 1936 నుంచి ప్రిన్సిపాల్. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుని ఒంటరిగా కచేరీకి నిలబెట్టిన మనిషి. మా మాస్టారు ఆ కళాశాలలోనే చదువుకున్నారు. కొత్త పిల్ల ఎవరైనా ఫిడేలు తెస్తే ఆయన చీటీ చూసేవారు కాదు. ముందు వేళ్లు పెట్టే పట్టీని వెలుతురుకి ఎత్తి చూసేవారు.

మీరూ అలా చూడండి. ఉక్కు తీగలని వేళ్లు ఏళ్ల తరబడి ఒకే చోట నొక్కితే ఎబొనీలో సన్నటి గుంటలు పడతాయి. కొబ్బరి నూనె రాసుకుని గమకాలు లాగిన చోట చెక్క నున్నగా మెరుస్తుంది. మీ తాతగారు ఏ తీగ మీద ఎక్కువ వాయించారో, ఏ స్వరం దగ్గర ఎక్కువసేపు ఆగేవారో అక్కడ కనిపిస్తుంది. రిపేరులో మొదట చేసే పనుల్లో ఒకటి ఆ పట్టీని సాపు చేయడం. చేయించక తప్పదు, లేకపోతే తీగ జరజరలాడుతుంది. ఇచ్చే ముందు పట్టీని ఏటవాలు వెలుతురులో పెట్టి నాలుగు ఫోటోలు తీసుకోండి. నా ఫిడేలు వాయించిన పెద్దాయన గుంటలు మూడో తీగ మీద ఎక్కువ ఉండేవి. నేను ఫోటో తీయలేదు.