ఫ్రెట్‌లెస్ బేస్ (ఫ్రెట్లు లేని బేస్ గిటార్) మీద వేలు గీత వెనక పెట్టాలా, గీత మీదా?

సరిగ్గా గీత మీదే, అంటే ఫ్రెట్ ఉండాల్సిన చోటును చూపే గుర్తు మీదే పెట్టాలి. మామూలు బేస్‌లో తీగ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీకి, అంటే ఫ్రెట్‌కి ఆనుతుంది, అందుకే వేలు కాస్త వెనకున్నా శ్రుతి చెడదు. ఫ్రెట్‌లెస్‌లో తీగ నిడివిని తేల్చేది వేలి కొనే. ఉదాహరణకి తీగ నిడివి 34 అంగుళాలున్న బేస్‌లో 4, 5 గీతల మధ్య దూరం సుమారు ఒకటిన్నర అంగుళం. జి తీగ మీద సి స్వరం కోసం 5వ గీత బదులు ఆ మధ్యలో నొక్కితే అర స్వరంలో సగం దిగిపోతుంది. అది ఎవరి చెవికైనా అపశ్రుతే.

ఫ్రెట్‌లెస్ బేస్‌కి పేరు తెచ్చిన జాకో పాస్టోరియస్ వాయిద్యం గొంతెత్తి పాడినట్టుండటానికి, వేళ్లు నొక్కే చెక్క మీది ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) పూతే కారణమనుకోవడం పొరపాటు. ఫ్రెట్లు లేని తన 1962 ఫెండర్ జాజ్ బేస్ గిటార్‌కి ఆయన ఆ పూత వేసింది ముఖ్యంగా రౌండ్‌వౌండ్ తీగలు (గుండ్రటి సన్నతీగ చుట్టిన గరుకు తీగలు) చెక్కను తినేయకుండా. నాదంలో కొంత మెరుపు దానివల్లా వచ్చింది, నిజమే. కానీ ఆ అద్భుతమైన నాదంలో పెద్ద పాలు బ్రిడ్జ్ (తీగలు కింది చివర ఆనే భాగం) దగ్గరున్న పికప్‌ది (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం), బ్రిడ్జ్‌కి దగ్గరగా మీటడానిది, గీత మీద సన్నగా ఊగే ఎడమ చేతి వేలిది.