నీ లిస్టులో సెప్టెంబర్ ఏది అబ్బాయ్?

గుంటూరు, డిసెంబర్ 2024

అబ్బాయ్,

నువ్వు వాట్సాప్‌లో పంపిన "2024లో నాకు నచ్చినవి, నచ్చనివి" సినిమాల లిస్టు మొత్తం చదివా. ముందు ఒక మాట, సార్ సార్ అనొద్దు, బాబాయ్ అను చాలు, బ్రాడీపేటలో నాకంటే చిన్నోళ్ళందరూ అలానే పిలుస్తారు. రాత బానే ఉంది, చేతిలో స్పీడుంది, అచ్చుతప్పులు కూడా పెద్దగా లేవు. కానీ చదవడం అయిపోయాక ఇది రాసినోడు ఎవరో నాకు అంతుపట్టలా. టాప్ 10 నచ్చినవి, టాప్ 5 నచ్చనివి, ఒక్కోదానికి రెండేసి లైన్లు, "విజువల్స్ నెక్స్ట్ లెవెల్", "సెకండ్ హాఫ్ ల్యాగ్", "బీజీఎం డ్యూటీ ఎక్కింది"... ఇవి కూకట్‌పల్లిలో కూర్చున్నోడు రాయొచ్చు, న్యూజెర్సీలో ఉన్నోడు రాయొచ్చు, అసలు సినిమా చూడకుండా నలుగురి రివ్యూలు తిరగేసినోడు కూడా రాసెయ్యొచ్చు.

నువ్వుండేది బెజవాడ సింగ్‌నగర్ కదా. సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు మీ వీధిలోకి వచ్చాయి కదా. మరి నీ లిస్టులో ఆగస్టు 29 'సరిపోదా శనివారం' అయిపోగానే టక్కున సెప్టెంబర్ 27 'దేవర' వచ్చేసింది, మధ్యలో నెల రోజులు ఏమైపోయాయో చదివేవాడికి తెలీదు. శనివారం పేరుతో సినిమా వచ్చిన వారంలోనే ఆ శనివారం బెజవాడలో వాన ఆగకుండా కొట్టింది, తెల్లారేసరికి సగం ఊరు నీళ్ళలో ఉంది, ఆ ముక్క ఒక్కటి రాసినా నేను కుర్చీలో ముందుకి జరిగి చదివేవాణ్ణి. ఇది సినిమాల లిస్టు బాబాయ్, వరదలకేం సంబంధం అంటావేమో. సంవత్సరం అంటే రిలీజ్ డేట్లు కాదయ్యా, రిలీజ్ డేట్లు కావాలంటే ఎక్కడైనా దొరుకుతాయి, ఆ డేట్లలో నువ్వెక్కడున్నావో అదొక్కటే నీ దగ్గర తప్ప దొరకదు.

నువ్వే ఫోన్లో చెప్పావు నాకు, మీ బిల్డింగ్ జనం అంతా డాబా మీదకి చేరితే పైవాటా వాళ్ళ పిల్లోడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న 'దేవర' పాట 'చుట్టమల్లే' ఒక్కటే పదే పదే పెడుతుంటే, కరెంటు లేదు చార్జింగ్ అయిపోతుందిరా అని వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని స్విచాఫ్ చేసి కొంగులో ముడేసుకుందని, ఆ తర్వాత వాడు ఫోన్ లేకుండానే పాడటం మొదలెట్టాడని. ఇంత మంచి సంగతి చేతిలో పెట్టుకుని లిస్టులో ఏం రాసావు? "చుట్టమల్లే – ఈ ఏడాది బెస్ట్ మెలోడీ, అనిరుధ్ రాక్స్." ఏంటయ్యా ఇది. అనిరుధ్ ట్యూన్ గురించి నీకు కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోతే వదిలెయ్, ఆ పిల్లోడి గురించి రాయి, డ్రోన్లలో ఆహారం పొట్లాలు వచ్చిన రోజుల్లో ఒక సినిమా పాట డాబా మీద ఎట్లా బతికిందో రాయి. (ఆ పాట రాసిన రామజోగయ్య శాస్త్రి మన ఉమ్మడి గుంటూరు జిల్లా ముప్పాళ్ళ మనిషే, సందు దొరికితే ఆ మాట కూడా వేసెయ్, మా ఊరోళ్ళకి కొంచెం గొప్ప.)

ఆ వారంలోనే, సెప్టెంబర్ 6న '35 చిన్న కథ కాదు' వచ్చింది. ఇళ్ళలో బురద ఎత్తిపోసుకుంటున్న టైములో సినిమాకి ఎవడు పోతాడు, నువ్వు తర్వాత ఆహా ఓటీటీలో చూసానన్నావ్. దానికి నువ్వు రాసింది "ఫీల్‌గుడ్, నివేదా థామస్ సూపర్, మస్ట్ వాచ్". మస్ట్ వాచ్ అనే మాట మీద నాకు పీకల దాకా ఉంది, చూడాలో వద్దో నేను తేల్చుకుంటా, నువ్వు చూసిందేంటో చెప్పు చాలు. అందులో అరుణ్ అనే పిల్లాడు అడిగేదేంటి, సున్నాకి విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అయింది అని. ఆ ప్రశ్నకి సమాధానం చెప్పే ఓపిక స్కూల్లో ఎవరికీ లేదు, లెక్కల మాస్టారు పిల్లల్ని పేర్లతో కాకుండా వాళ్ళకొచ్చిన మార్కులతో పిలుస్తాడు, వీడు "జీరో". టెన్త్ తప్పిన తల్లి కొడుక్కి చెప్పడం కోసం మళ్ళీ లెక్కలు మొదటి నుంచి నేర్చుకుంటుంది. కథ జరిగేది తిరుపతిలో, సరే. కానీ నువ్వు పెరిగిందెక్కడ? ప్రతి వారం టెస్టు పెట్టి మార్కుల్ని బట్టి పిల్లల్ని పై సెక్షన్‌కి, కింద సెక్షన్‌కి మార్చే ఊళ్ళో. ఇంటర్ రెసిడెన్షియల్ అనే వ్యాపారం ఊరంత పెరిగింది మన బెజవాడ, గుంటూరు మధ్యనే కదా. నిన్ను ఏ సెక్షన్లో వేసారు? ఏ వారం కిందకి దింపారు? మీ అమ్మ ఏమంది? ఆ జీరో సీను చూస్తుంటే నీకు ఏ సార్ గొంతు వినపడింది? ఇవి ఒక్క పేరాలో రాసిచూడు, అప్పుడు ఆ సినిమా నీకెందుకు నచ్చిందో "ఫీల్‌గుడ్" అనే మాట వాడకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు నచ్చనివాటి సంగతి. నువ్వు ఇక్కడ ఇంకా కంగారు పడ్డావు. "డిజాస్టర్", "టార్చర్", "తలనొప్పి". తిట్టడం ఈజీ అబ్బాయ్. నిరాశ పడ్డాను అని రాసేటప్పుడు ముందు నువ్వు ఏం అనుకుని వెళ్ళావో చెప్పాలి, ఎందుకు అట్లా అనుకున్నావో కూడా చెప్పాలి, అది చదివినోడికి న్యాయమే కదా అనిపించాలి, అప్పుడే నీ బాధ వాడికీ అంటుకుంటది. నా సంగతే చెప్తా విను. జనవరి 12న 'గుంటూరు కారం' వచ్చింది. మహేష్ బాబు, త్రివిక్రమ్, మా ఊరి పేరు. నేనేమీ మిర్చి యార్డు మీద డాక్యుమెంటరీ ఆశించలా. కానీ యార్డు తెలిసినోణ్ణి కదా, సీజన్లో గేటు దాటగానే గొంతు పట్టేస్తది, కొత్తగా వచ్చినోడు దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, పక్కనే మూతికి గుడ్డ కట్టుకున్న ముఠా కూలీ మిర్చి టిక్కీ, అంటే బస్తా, వీపు మీద వేసుకుని తాపీగా పోతుంటాడు, తొడిమలు తీసే ఆడవాళ్ళు ఇంటికెళ్ళాక చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా మంట పోదు, చంటిపిల్లని ముట్టుకోవడానికి భయపడతారు. ఇందులో ఒక్కటి, ఒక్క నిమిషం తెర మీద కనపడుతుందనుకున్నా. సినిమాలో హీరో సంతకం గొడవ మీద గుంటూరుకీ హైదరాబాద్‌కీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు, ఎంత తిరిగాడంటే మా వీధిలో కుర్రాళ్ళు నెల రోజులు అదే జోకు. కారం పేరులో ఉంది, ఘాటు లేదు. అదీ నా బాధ. మహేష్ మాత్రం ఒళ్ళు విరుచుకుని భలే డాన్స్ చేసాడు, 'కుర్చీ మడతపెట్టి' వస్తే హాల్లో ముసలోళ్ళు కూడా కదిలారు, అది కూడా రాస్తా నేను. నచ్చని సినిమాలో నచ్చిన ముక్క దాచిపెడితే చదివేవాడు నిన్ను నమ్మడు.

అదే రోజు 'హనుమాన్' కూడా వచ్చింది. మొదట్లో దానికి థియేటర్లు దొరకలా, తర్వాత జనమే ముందుకి లాక్కుపోయారు, ఈ చిన్న సినిమా పెద్ద సినిమా కథ అందరూ రాసేసారు, నువ్వు కూడా అదే రాసావు, తీసెయ్. 'లక్కీ భాస్కర్' కూడా అంతే, బాగుంది, నాకూ నచ్చింది, కానీ నీ పేరా చదివితే అందరి లిస్టుల్లో ఉంది కాబట్టి నువ్వూ పెట్టావని తెలిసిపోతోంది. సొంతంగా చెప్పడానికి ఏమీ లేకపోతే మంచి సినిమానైనా వదిలెయ్, దానికేం నష్టం లేదు. 'నైంటీస్' సిరీస్ గురించి మాత్రం నువ్వు రాసింది బాగుంది, శివాజీ మాస్టారి పాత్రని మీ నాన్నతో పోల్చిన లైను అలాగే ఉంచు, ముట్టుకోకు.

నీ లిస్టులో ఒక మంచి ఆలోచన దాక్కుని ఉంది, నీకే తెలిసినట్టు లేదు. 'కల్కి' దగ్గర "క్లైమాక్స్ బాగుంది కానీ ఎండింగ్ లేదు" అన్నావు. 'దేవర' దగ్గర "పార్ట్ 2 కోసం సగంలో ఆపేసారు" అన్నావు. 'పుష్ప 2' దగ్గర "మళ్ళీ మూడోదా" అన్నావు. ఈ మూడు ఒక్కచోట పెట్టు! ఏడాది పొడుగునా మనం ఫుల్ టికెట్ కొని సగం కథ చూసి ఇంటికొచ్చాం. పుష్ప 2 ప్రీమియర్‌కి 800 మీద జీఎస్టీ కలిపి 944 రూపాయలు పెట్టి చూస్తే చివర్లో పుష్ప 3 అని వేసారు. ఇది నిజమైన ఫిర్యాదు, దీన్ని పేజీన్నర రాయొచ్చు. భోజనం హోటల్లో సాంబారు దాకా వడ్డించి పెరుగు వచ్చే ఏడాది అంటే ఊరుకుంటామా? కాకపోతే ఒక జాగ్రత్త, డబ్బుల మీద కోపం డబ్బుల మీద కోపంగానే రాయి, సుకుమార్ జాతర సీను మీదకి దాన్ని తోలకు. ఆ జాతర సీనులో చీర కట్టుకుని అల్లు అర్జున్ చేసింది 944 పెట్టినా 150 పెట్టినా ఒకటే. ఇంకోటి, డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆ సినిమా గురించి రాస్తూ అది లేనట్టు దాటిపోయావు. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, ఒక్క వాక్యం పెట్టు, కానీ పెట్టు.

కల్కిలో గెస్టు రోల్స్ అన్నీ నీకు తెగ నచ్చాయట. నాకు ఒక్కొక్కరూ వచ్చినప్పుడల్లా కథ ఆగి సెల్ఫీ దిగినట్టుంది. ఆర్జీవీ, అదే రాంగోపాల్ వర్మ, కనపడగానే మీ బెజవాడ హాల్లో విజిళ్ళు మామూలుగా లేవని విన్నా, సిద్ధార్థ ఇంజినీరింగ్‌లో చదివిన మనిషి కదా, మీకు ఆ హక్కుంది. ఇక్కడ నాతో ఒప్పుకోనక్కర్లేదు, గట్టిగా వాదించు, కానీ హాల్లో ఆ విజిల్ ఎవరేసారో, నీ పక్కన ఎవరున్నారో చెప్పి వాదించు.

ఫ్యాన్స్ ఏమంటారో అని ఒకటి రెండు చోట్ల "యావరేజ్" అని సర్దేసావు, నాకు తెలుసు అది భయమని. బెజవాడలో పుట్టి ఏదో ఒక హీరో బ్యాచ్‌లో లేకుండా ఎవడూ పెరగడు, నువ్వు ఎవరి ఫ్యానో మొదటి పేరాలోనే చెప్పెయ్, గొడవ వదిలిపోద్ది. మా హీరో సినిమా కాబట్టి నాకు ఇంకా ఎక్కువ బాధేసింది అని రాస్తే ఎవడూ ఏమనలేడు.

ఇప్పుడు పని. నంబర్లు తీసెయ్. 15 సినిమాల్లో నాలుగో ఐదో ఉంచు, '35 చిన్న కథ కాదు' ఉండాలి, డాబా మీద పాట ఉండాలి, సగం కథల గొడవ ఉండాలి, మిగతాది నీ ఇష్టం. జనవరి 2 నుంచి బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పుస్తక మహోత్సవం కదా, 5వ తేదీ ఆదివారం నేను వస్తున్నా, మధ్యాహ్నం బస్సుకి దిగుతా, నాలుగింటికల్లా గేటు దగ్గర ఉండు. ప్రింట్ తీసుకురా, ఫోన్లో చదివితే నాకు కళ్ళు లాగుతాయి. పక్కన మార్జిన్ బాగా వదులు, నా పెన్నుకి చోటు కావాలి.

ఉంటా,
బాబాయ్