పెళ్ళిరోజుకు పక్కవీధి సుషీ చాలదా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఇద్దరం హెచ్1బీ వీసా మీద ఉద్యోగాలు చేస్తున్నాం. నాలుగేళ్ళ పాప ఉంది. అద్దె, డేకేర్, కారు వాయిదా, ఊరికి పంపే డబ్బు, తిండి ఖర్చు అన్నీ పోగా నెలకు 900 డాలర్లు మిగులుతున్నాయి. సేవింగ్స్‌లో 9,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 3,400 బాకీ ఉంది. వచ్చే నెల మా పెళ్ళిరోజు. మన్‌హట్టన్‌లో మనిషికి 150 డాలర్ల ఒమకాసేకి, అంటే సుషీని (అన్నంతో వడ్డించే పచ్చి చేప ముక్కల్ని) షెఫ్ తన ఇష్టప్రకారం పెట్టే జపాన్ విందుకి, వెళ్దామని మావారు అంటున్నారు. రైలుకీ పార్కింగ్‌కీ కలిపి 60 అవుతుంది. పాపను చూసుకునే అమ్మాయి గంటకు 20 తీసుకుంటుంది. మా ఇంటికి దగ్గర్లో చిన్న సుషీ రెస్టారెంట్ ఒకటి ఉంది. నాకు అది చాలనిపిస్తోంది. "పెళ్ళిరోజుకి కూడా అక్కడికేనా?" అని ఆయన చిన్నబుచ్చుకున్నారు. పైగా చౌక చోట పచ్చి చేప తినడం మంచిదేనా అని భయం. ఆ పై నెల అత్తయ్యగారు, మావయ్యగారు విజయవాడ నుంచి వస్తున్నారు. ఇద్దరూ శాకాహారులు. వాళ్ళనీ అక్కడికి తీసుకెళ్ళవచ్చా? మేమిద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుని ఎన్ని నెలలైందో గుర్తు కూడా లేదు. ఏది మంచిదో చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో ఆ ఆఖరి మాటల దగ్గరే నేను ఆగిపోయాను. మీకు కావలసింది తీరిగ్గా మాట్లాడుకునే ఒక సాయంత్రం. దానికి మీ ఇంటి దగ్గర రెస్టారెంటే సరిపోతుంది. మీ కార్డు మీద పైసా బాకీ లేకపోయినా ఇదే చెప్పేవాణ్ణి.

ఎందుకంటే ఒమకాసే పద్ధతే వేరు. అక్కడ మీరు ఏదీ ఆర్డర్ చేయరు. షెఫ్ తన ఇష్టప్రకారం ఒక్కొక్క ముక్కే చేసి మీ ముందు పెడతాడు. అది ఏ చేపో, ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాడు. వెంటనే తినాలి, లేకపోతే అన్నం చల్లారిపోతుంది. చాలాచోట్ల కౌంటర్ ముందు పక్కపక్కన కూర్చోబెడతారు, అటూ ఇటూ వేరేవాళ్ళుంటారు. గంటో గంటన్నరో కాగానే తర్వాతి బ్యాచ్‌కు సీట్లు ఖాళీ చేయాలి. సుషీ అంటే ప్రాణం పెట్టేవాళ్ళకు అది గొప్ప అనుభవమే, కాదనను. కానీ నాలుగు నిమిషాలకోసారి మాట తెగిపోయే చోట మీరు నెలల తరబడి దాచుకున్న కబుర్లు సాగవు.

ఇక డబ్బు సంగతి. ఇద్దరికీ 300 అని మీవారు అంటున్నారు గానీ మెనూ మీద ఉన్న ధర అసలు ఖర్చు కాదు. గడప దాటినప్పటి నుంచి తిరిగి తాళం తీసేదాకా ఎంతవుతుందో చూడాలి. 300కి ఇద్దరి డ్రింక్స్ 36 కలపండి, 336. న్యూయార్క్ సిటీలో సేల్స్ టాక్స్ 8.875 శాతం, అంటే దాదాపు 30. టిప్ 20 శాతం వేస్తే 67. బిల్లు 433. ప్రయాణానికి 60. రానూపోనూ సమయం కలుపుకుంటే పాప దగ్గర ఆ అమ్మాయి ఆరు గంటలుండాలి, అది 120. మొత్తం 613 డాలర్లు. రైలు వద్దు, కారులోనే వెళ్దామంటే టోల్‌తో పాటు మన్‌హట్టన్‌లో 60వ వీధికి దిగువకు పోయినందుకు 2025 జనవరి నుంచి రద్దీ రుసుము కూడా కట్టాలి. టోల్ కట్టే ఈజీపాస్ ఉన్న కారుకు పగటిపూట 9 డాలర్లు.

మీ ఇంటి దగ్గర లెక్క చూడండి. అలాంటి చోట్ల సాధారణంగా ఉండే ధరలతో వేశాను: ఎడమామే (ఉడికించిన పచ్చి సోయా కాయలు) 6, రెండు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులు 6, ఎనిమిది నిగిరి ముక్కలూ (చిన్న అన్నం ముద్ద మీద చేప) ఒక రోలూ (సముద్రపు నాచులో చుట్టి కోసిన అన్నం) కలిపి ఇచ్చే కాంబో 26, స్పెషల్ రోల్ ఒకటి 16, అవకాడో రోల్ 8, చివర్లో మోచీ (బియ్యప్పిండి పొరలో చుట్టిన) ఐస్‌క్రీమ్ 6. మొత్తం 68. న్యూజెర్సీ టాక్స్ 6.625 శాతం, అంటే నాలుగున్నర. టిప్ 13.60. వెరసి 86. మూడు గంటలకు పాపను చూసుకునే అమ్మాయికి 60. మీరు తీసుకెళ్ళే వైన్ సీసా 16 అనుకుందాం (ఎందుకు తీసుకెళ్ళాలో కింద చెబుతాను). మొత్తం 162.

మెనూ ధరల్లో తేడా 232 డాలర్లే. సాయంత్రం మొత్తం చూస్తే తేడా 451. ఈ లెక్క మీవారి ముందు పెట్టండి. "ఖర్చెందుకు?" అంటే మనసు నొచ్చుకుంటుంది. కాగితం మీద రెండు సాయంత్రాలూ పక్కపక్కన రాసి చూపిస్తే ఇద్దరూ కలిసి ఆలోచించడానికి వీలవుతుంది. అలాగని ఈ అంకెల్ని రూపాయల్లోకి మార్చుకోకండి. అమెరికాలో మనవాళ్ళు చాలామంది ఈ పని చేసి, 162 చూసినా గుండె పట్టుకుంటారు. మీ జీతం డాలర్లలో వస్తోంది, ఖర్చు కూడా డాలర్లలోనే కొలవండి.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. ఒమకాసేలకు చాలాచోట్ల ముందే డబ్బు కట్టాలి, లేదా కార్డు నంబరు ఇచ్చి బుక్ చేసుకోవాలి. ఒకటి రెండు రోజుల ముందు చెప్పకుండా మానేస్తే డబ్బు వెనక్కి రాదు, బుక్ చేసే పేజీలోనే ఆ షరతు ఉంటుంది. నాలుగేళ్ళ పాప ఉన్న ఇంట్లో సాయంత్రం నాలుగింటికి జ్వరం రాదని ఎవరు చెప్పగలరు? పక్కవీధి రెస్టారెంట్‌కయితే ఒక ఫోన్ చేసి, "ఈరోజు కుదరదండీ, రేపు వస్తాం" అంటే సరిపోతుంది. చిన్న పిల్లలున్న దంపతులకు ఇది నిజంగా డబ్బు విలువ చేసే సౌకర్యం.

పచ్చి చేప భయం గురించి. మీ అనుమానం న్యాయమైనదే, కానీ ధర చూసి భద్రత తేల్చలేం. పచ్చిగా వడ్డించే చేపలో పురుగులు చావడానికి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధాల సంస్థ ఎఫ్‌డీఏ ఆహార నియమావళి చెబుతోంది. కొన్ని రకాల ట్యూనాకూ, నిబంధనల ప్రకారం పెంచిన కొన్ని చేపలకూ మినహాయింపు ఉంది. 15 డాలర్ల ప్లేటుకైనా 150 డాలర్ల ప్లేటుకైనా నియమం ఒకటే. అయితే ఫ్రీజింగ్‌తో చచ్చేవి పురుగులే, బాక్టీరియా కాదు. అందుకని వంటింటి శుభ్రత మీరే చూసుకోవాలి. న్యూజెర్సీలో ప్రతి రెస్టారెంటూ ఆరోగ్య శాఖ తనిఖీ ఫలితాన్ని తలుపు దగ్గర జనానికి కనబడేలా పెట్టాలి. దాని మీద "సంతృప్తికరం" అని ఉందో, "షరతులతో సంతృప్తికరం" అని ఉందో చదవండి. రెండోదయితే వేరే చోటు వెతుక్కోండి.

"చిన్న చోటు" అన్న చిన్నచూపుకూ జవాబు ఉంది. ఇవాళ మనం తినే నిగిరి సుషీ 1820ల నాటి ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, పనిలో ఉన్న జనం బండి దగ్గర ఆగి నాలుగు ముక్కలు నోట్లో వేసుకుని పోయే తిండిగా పేరు తెచ్చుకుంది. ముక్కలు బెల్టు మీద తిరుగుతూ వచ్చే పద్ధతి 1958లో ఒసాకా దగ్గర మొదలైంది, మామూలు ఉద్యోగులకు చౌకగా అందించడానికే. పక్కవీధిలో కూర్చుని సుషీ తింటే పెళ్ళిరోజుకు మర్యాద తగ్గదని మీవారికి నా మాటగా చెప్పండి.

కానీ చిన్న రెస్టారెంట్లన్నీ ఒకేలా ఉండవు. పెళ్ళిరోజునే పరీక్షించకండి. ముందు ఒక వారంరోజు మధ్యాహ్నం మీలో ఒకరు వెళ్ళి లంచ్ స్పెషల్ తినండి. సూప్‌తోనో సలాడ్‌తోనో రెండు రోల్స్ ఇస్తారు, డిన్నర్ ధరలో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అప్పుడు అన్నం గమనించండి. సుషీలో చేప ఎంత ముఖ్యమో అన్నమూ అంతే. గోరువెచ్చగా ఉండి, నోట్లో మెతుకు మెతుకుగా విడిపోతే అప్పుడే చేసిందని అర్థం. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా, గట్టిగా ఉంటే పొద్దున్నే చుట్టి పెట్టిన రోల్. లోపలికి అడుగుపెట్టగానే చేప నీచు వాసన కొడితే కూర్చోకుండానే బయటికి వచ్చేయండి. టేబుళ్ళ మధ్య ఎంత ఎడం ఉందో, పాటలు ఎంత గట్టిగా పెడుతున్నారో, రాత్రి ఆఖరి ఆర్డర్ ఎన్నింటికో కనుక్కోండి. మాట్లాడుకోవడానికి వెళ్ళేవాళ్ళకు ఇవి చేప రుచి కంటే తక్కువ కాదు.

శుక్ర, శనివారాలు వద్దు. ఆ రోజుల్లో ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఇలాంటి చోట్ల టేకౌట్ ఆర్డర్లు వచ్చి పడతాయి. ఉన్న ఒకరిద్దరు షెఫ్‌లు ఆ డబ్బాలు నింపడంలోనే మునిగిపోతారు, మీ రోల్ అరగంటకు గానీ రాదు. పెళ్ళిరోజు శనివారం పడితే గురువారమే జరుపుకోండి.

వైన్ తీసుకెళ్ళమన్నానుగా, దాని సంగతి చెప్పాలి. న్యూజెర్సీలో ఊరి జనాభాలో ప్రతి 3,000 మందికి ఒక్కటి చొప్పునే రెస్టారెంట్లకూ బార్లకూ మద్యం లైసెన్సులు ఇస్తారు. అందుకే వాటి ధర లక్షల డాలర్లు పలుకుతుంది. చిన్న సుషీ రెస్టారెంట్లలో చాలావాటికి లైసెన్సు ఉండదు. అలాంటిచోట స్థానిక నిషేధం లేకపోతే వైన్ లేదా బీర్ మీరే తీసుకెళ్ళవచ్చు, తెచ్చినందుకు విడిగా రుసుము వసూలు చేయడానికి చట్టం ఒప్పుకోదు. ముందు ఫోన్ చేసి అడగండి. మన్‌హట్టన్‌లో రెండు గ్లాసులకయ్యే డబ్బుతో ఇక్కడ మంచి సీసా వస్తుంది. కారు నడిపేవాళ్ళు మాత్రం ముట్టకండి.

బిల్లు వచ్చాక రెండు చూడండి. కార్డుతో కడితే మూడు శాతం దాకా అదనంగా వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలాంటిది ఉంటే ముందే తెలపాలి. తెలపకపోతే మర్యాదగా అడగండి. రెండోది టిప్. యంత్రం తెర మీద వచ్చే టిప్ కొన్నిసార్లు టాక్స్ కలిపిన మొత్తం మీద లెక్కేస్తుంది. టాక్స్‌కు ముందున్న మొత్తం మీద వేస్తే చాలు. కానీ టిప్ ఎగ్గొట్టి డబ్బు మిగుల్చుకోవద్దు. వడ్డించేవాళ్ళ మూల జీతం మామూలు కనీస వేతనం కన్నా బాగా తక్కువ, టిప్పే వాళ్ళ సంపాదన. ఖర్చు తగ్గించాలనుకుంటే ఒక రోల్ తక్కువ తెప్పించుకోండి.

"ఎంతైనా తినండి" అనే సుషీ బఫేల మోజులో కూడా పడకండి. మిగిల్చిన ముక్కలకు విడిగా వసూలు చేస్తారు, సమయానికీ పరిమితి ఉంటుంది. పెట్టిన డబ్బు రాబట్టాలన్న తాపత్రయంతో అన్నం మింగుతూ కూర్చుంటారు. కాలేజీ పిల్లల గుంపుకు బాగుంటుంది, మీ సాయంత్రానికి కాదు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన అంకె. 3,400 మీద 24 శాతం అంటే నెలకు 68 డాలర్ల వడ్డీ. పైన ఇద్దరి భోజనానికి నేను వేసిన 68 ఇదే. ప్రతి నెలా ఒక సుషీ డిన్నర్ మీరు తినకుండానే బ్యాంకుకు పోతోంది. సేవింగ్స్ లోంచి 1,400 తీసి ఈ వారమే కార్డుకు కట్టండి. మొత్తం కట్టేయమని ఎందుకు అనడం లేదంటే, మీరు హెచ్1బీ మీద ఉన్నారు. ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. ఆ రోజుల్లో చేతిలో నగదు ఉండాలి, 7,600 కంటే కిందికి పోవద్దు. మిగిలిన 2,000కి నెలకు 600 చొప్పున కడితే నాలుగో నెలలో తీరిపోతుంది, ఆ ఆఖరి వాయిదా 300 కూడా ఉండదు. కార్డును మాత్రం ఈలోగా కొత్తగా గీకకండి. 900లో 600 కార్డుకు, 162 ఈ సాయంత్రానికి, మిగతా 138 సేవింగ్స్‌కు. ఈ 162 విలాసమని నేననుకోను. మీ ఇద్దరికీ అది అవసరం, నెలనెలా ఉండనివ్వండి.

మీవారి ఒమకాసే కోరికను కొట్టిపారేయకండి. కార్డు తీరాక వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి నెలకు 51 డాలర్లు వేయండి. ఏడాదికి 612 జమ అవుతుంది, ఇంచుమించు ఆ సాయంత్రం ఖర్చంతా. అప్పుడు ఆయన పుట్టినరోజుకు వెళ్ళండి, షెఫ్ చేతి పనిని చూడటానికే వెళ్ళండి. మాటలు ఇంకో రోజుకు దాచుకోవచ్చు.

అత్తయ్యగారినీ మావయ్యగారినీ మాత్రం సుషీకి తీసుకెళ్ళొద్దు. అవకాడో, కీర దోసకాయ రోల్స్ ఉంటాయి కదా అనిపిస్తుంది. కానీ మిసో సూప్‌లోనూ టెంపురా (పిండిలో ముంచి వేయించినవి) నంజుకునే సాస్‌లోనూ మామూలుగా ఎండబెట్టిన చేపతో కాచిన దాషీ ఉంటుంది. తీపి టోఫూ సంచిలో అన్నం పెట్టే ఇనారిని కూడా చాలాచోట్ల దాషీలోనే ఉడికిస్తారు. కూరగాయల టెంపురా వేగేది రొయ్యలు వేగిన నూనెలో, రోల్ కోసేది చేప కోసిన కత్తితో. పెద్దవాళ్ళకు ఇవి చెప్పకుండా పెట్టడం తప్పు, చెబితే వాళ్ళు తినలేరు. దగ్గర్లోనే ఓక్ ట్రీ రోడ్ మీద అచ్చంగా శాకాహారం వండే చోట్లు ఉన్నాయి, అక్కడికి తీసుకెళ్ళండి. వాళ్ళున్నన్నాళ్ళూ పాప దగ్గర ఎవరినీ పెట్టనక్కర్లేదు గనక మీ సాయంత్రం ఖర్చు 162 నుంచి 102కి దిగుతుంది. ఆ మిగిలిన 60 కూడా కార్డుకే కట్టండి.