మంచు తుఫాను ముంగిట మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మీ కౌంటీకి, అంటే మీ జిల్లాకు, మంచు తుఫాను వాచ్ (రావచ్చనే ముందస్తు సూచన) ఇచ్చారని ఇప్పుడే చూశాను. దాన్ని వార్నింగ్‌గా, అంటే తుఫాను ఖాయమనే హెచ్చరికగా, మార్చేదాకా ఆగకు. చేయవలసినవన్నీ నేల పొడిగా ఉన్నప్పుడే చేసెయ్యి. పల్లె ప్రాంతంలో మీకు ఇదే మొదటి చలికాలం కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

నగరంలో కరెంటు పోయినా కుళాయిలో నీళ్లు వచ్చేవి. ఇప్పుడు మీవి బోరు నీళ్లు. మోటారు ఆగిందంటే చుక్క రాదు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున పట్టి ఉంచు. టాయిలెట్‌లో పోయడానికి బాత్‌టబ్ నింపు. ప్రొపేన్ గ్యాస్ ఎంత మిగిలిందో ట్యాంకు మీది ముల్లు చూసి ఈరోజే తెలుసుకో. నాన్నగారి బీపీ మందులు వారానికి సరిపడా ఉన్నాయా?

అన్నిటికన్నా నాకు భయం, ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేసు గొట్టాల గురించి. మీ ఇంటి పక్కగోడలోంచి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు రెండు బయటికి వచ్చి ఉంటాయి, నేలకు కాస్త ఎత్తులోనే. గాలికి కొట్టుకొచ్చే మంచు సరిగ్గా గోడ వారనే పోగుపడుతుంది. అవి పూడుకుపోతే ఫర్నేసు ఆగిపోవచ్చు, లేదా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంచు పడుతున్నంతసేపూ కొన్ని గంటలకోసారి వెళ్లి ఆ గొట్టాల చుట్టూ చేత్తో తీసెయ్యి. ఆ వాయువును పసిగట్టే అలారంలో కొత్త బ్యాటరీలు వెయ్యి. జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో, బయటే ఉండాలి. తలుపు తీసి ఉంచినా సరే, గ్యారేజీలో మాత్రం వద్దు.

మంచు ఎత్తేటప్పుడు పార నిండా తీయకు, వీలైనంత వరకు నెట్టు. తడి మంచు చాలా బరువు. ఆ చలిలో ఆ శ్రమకు గుండె ఆగి చనిపోయేవారు ఏటా ఉంటారు. బావ ఊరికే కూర్చునే మనిషి కాదని నాకు తెలుసు. అయినా పార ఆయన చేతికి ఇవ్వకు, నేను వద్దన్నానని చెప్పు.

ఇక ప్రయాణాల మాట. కౌంటీ బళ్లు ముందు పెద్ద రోడ్ల మీది మంచు తీస్తాయి; మీ కంకర రోడ్డు వంతు ఆఖరున వస్తుంది. 2022 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో మంచు తుఫానుకు 40 మందికి పైగా పోయారు, కొందరు కార్లలోనే. అంబులెన్సులే కదలలేకపోయాయి. ఆఫీసు వాళ్లు రమ్మన్నా వెళ్లకు. ఒకవేళ దారిలో చిక్కుకుంటే కారు దిగి నడవకు. పొగగొట్టం దగ్గర మంచు తీసి, గంటకు పది నిమిషాలు మాత్రం ఇంజను వేసుకో, ఒక అద్దం కొద్దిగా దించి ఉంచు.

ట్రాక్టరున్న పొరుగాయన నంబరు ఈ సాయంత్రమే అడిగి తీసుకో. నాకు పొద్దున, రాత్రి ఒక్కో మెసేజ్ పెట్టు చాలు. ఫోను ఛార్జి మిగుల్చుకో.

మీ మామయ్య