మీటర్ బోర్డు ముందు నుంచి గుంజకండి, వెనక నుంచి విప్పండి

పాత అంబాసిడర్ మీటర్ బోర్డు ఇంటి దగ్గరే విప్పుకోవచ్చా అని అడిగారు. విప్పుకోవచ్చు. అసలు షాపుకి ఇవ్వడం కంటే అదే నయం. విజయనగరంలో మా నాన్నగారి మార్క్ 4 అంబాసిడర్ షాపుకెళ్ళి ఎలా తిరిగొచ్చిందో కళ్ళారా చూశాను.

స్పీడోమీటర్ ముల్లు ఊగుతోందని ఇచ్చాం. అక్కడి కుర్రాడు స్క్రూలు తీసి మీటరు ముందుకి గుంజేశాడు. వెనక కేబుల్ బిగించే ఉంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ అది, సాగుతుందా? ఆ పైన వైర్లన్నీ కటింగ్ ప్లేయర్‌తో కోసి, అన్నిటికీ ఒకటే ఎర్ర వైరు అతికి టేపు చుట్టేశాడు. ఇండికేటర్ వేస్తే హైబీమ్ దీపం వెలిగేది! ఒక్కో పనికి ఒక్కో రంగు వైరు కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారా? మన ఊళ్ళలో ఈ టేపు పని ఎప్పటికి మానతారో.

తర్వాత మా మేనమామ మా వాకిట్లోనే దాన్ని మళ్ళీ విప్పారు. సాలూరు లారీల దగ్గర పని నేర్చిన మనిషి. నేను స్క్రూడ్రైవర్ అందిస్తుంటే, "బేగి బేగి అంటే అవదురా. ముందల బేటరీ తియ్యి, తరవాతే మీటరు" అన్నారు. నిజమే, ఆమీటర్ (కరెంటు ఎంత పారుతోందో చూపేది) ఉన్న పాత బళ్ళలో లావు వైరు చాలావరకు ఫ్యూజు లేకుండానే బ్యాటరీ నుంచి వస్తుంది. అది బాడీకి తగిలితే నిప్పే.

ఆయన సీటు ముందు వెల్లకిలా పడుకుని, డాష్‌బోర్డు కింద నుంచి చెయ్యి పైకి పోనిచ్చి, కేబుల్‌ని మీటరుకి బిగించే గరుకు గీతల నట్టు వేళ్ళతో తడిమి తిప్పారు. దానికి పట్టకారు పెట్టకూడదు. కేబుల్ ఊడాక బల్బు హోల్డర్లు ఒక్కోటీ లాగి, ప్రతి వైరుకీ గుడ్డపీలిక కట్టి, అప్పుడు మీటరు బయటికి తీశారు. అంచు సందులో పైడితల్లి గుడి దగ్గర చేయించిన వాహనపూజ కుంకుమ గట్టిపడి ఉంది. వెనకాల బల్లిగుడ్ల పెంకులు. ఎర్త్ వైరు, అంటే బండి బాడీకి బిగించే వైరు, దాని కొస పచ్చగా చిలుమెక్కిపోయింది.

మీ బండిలో టెంపరేచర్ మీటరుకి వైరు కాకుండా సన్నటి రాగి గొట్టం ఉంటే మాత్రం దాన్ని కొయ్యకండి, మడవకండి. గొట్టం పగిలిందా, మీటరు పోయినట్టే. పెట్రోల్, టెంపరేచర్ ముళ్ళు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తుంటే మీటర్ల జోలికి వెళ్ళక ముందు, ఆ రెండిటికీ కరెంటు సమంగా అందించే వోల్టేజ్ స్టెబిలైజర్, దాని ఎర్త్ చూడండి.

ఇప్పుడు కొందరు పాత మీటరు తీసిపారేసి డిజిటల్‌ది పెడుతున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పారేసినది మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

మా బండికి చివరికి కావలసింది ఎర్త్ గీకి శుభ్రం చెయ్యడం, కేబుల్ లోపలి తీగకి కాస్త గ్రీజు. పైకొసకి రాయొద్దు, తిరిగేకొద్దీ గ్రీజు మీటరులోకి ఎక్కుతుంది. మీ ముల్లు ఊగుతోందా, అసలు కదలడం లేదా రాయండి. ఊగడమే అయితే ముందు గేర్‌బాక్స్ వైపు కేబుల్ ఊడదీసి చూడండి, బోర్డు ముట్టుకునే పని ఉండకపోవచ్చు.