అల్లుడూ, షాతోనఫ్ వెళ్లేముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. ఫ్రెండ్స్‌తో కలిసి దక్షిణ ఫ్రాన్సులో వైన్‌కి పేరుపడ్డ ఊరు షాతోనఫ్ దు పాప్ వెళ్తున్నావు, ఇండియా వెళ్లేటప్పుడు మీ నాన్నకి రెండు మంచి రెడ్ వైన్ బాటిళ్లు పట్టుకెళ్లాలి, "ఒక్క పేరు చెప్పు మావయ్యా చాలు" అన్నావు. పేరు చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టదు గానీ చెప్పను. ఆ ఊరి పేరు పెట్టుకునే తోటలు 3,200 హెక్టార్ల దాకా ఉన్నాయి, మన లెక్కలో దాదాపు 8,000 ఎకరాలు. వందల మంది రైతులు, ఒక్కొక్కడి నేల ఒక్కో రకం, చేసే పద్ధతి ఒక్కో రకం, సీసా మీద రాసేది మాత్రం అందరూ ఒకటే పేరు. బజార్లో ప్రతి బండివాడూ బంగినపల్లే అంటాడు కదా, తోట తెలిసినవాడు కొనుక్కునే కాయ వేరే ఉంటుంది. నువ్వు కూడా ఊరి పేరు కొనకుండా, ఆ ఊళ్లో ఏ నేల, ఎవరి చెయ్యి అని చూసి కొనాలి. అది ఎలాగో చెప్తాను, రైల్లో చదువుకో, పారిస్ నుంచి అవిన్యోన్ దాకా టీజీవీ ఫాస్ట్ రైల్లో రెండు గంటల నలభై నిమిషాలు ఖాళీయే కదా.

ముందు టైమ్ సంగతి. ఆగస్టు మొదట్లో అక్కడ ద్రాక్ష రంగు తిరిగే పండగ చేస్తారు, ఊరు నిండిపోతుంది, సరదాగా తిరగడానికైతే వెళ్లు, వైన్ తెలుసుకోవడానికి మాత్రం ఆ రోజులు పనికిరావు. సెప్టెంబరులో కోత, ఆ ఊళ్లో మిషన్‌తో కోయకూడదు, అంతా చేత్తోనే, కాబట్టి నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మే, జూన్ బావుంటాయి. ఆదివారం పెట్టుకోకు, వైన్ నిల్వ ఉంచి రుచి చూపించి అమ్మే సెల్లార్లు చాలావరకు మూసేస్తారు, మామూలు రోజుల్లో కూడా పన్నెండు నుంచి రెండు దాకా తలుపు కొట్టినా ఎవరూ పలకరు. రెండు మూడు చోట్లకి ముందే ఫోన్ చేసి టైమ్ తీసుకో, అంతకు మించి పెట్టుకుంటే నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి నాలుక మొద్దుబారిపోతుంది.

అవిన్యోన్‌లో కారు తీసుకోండి, ఇరవై కిలోమీటర్ల లోపే. నలుగురిలో ఒకడు డ్రైవింగ్‌కి ఫిక్స్ అవ్వాలి, "ఒక్క గుక్కే కదా" అనే మాట వద్దు. ఫ్రాన్సులో లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్ దగ్గరే కేసు, కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాడికైతే 0.2 గ్రాములే. ఈ ఊరి రెడ్ వైన్‌కి చట్టం అడిగే కనీసం 12.5 శాతం ఆల్కహాల్, నిజానికి సీసాలో ఉండేది చాలాసార్లు 14.5, ఎండలు ముదిరిన ఏడాది 15 కూడా దాటుతుంది.

ఊళ్లోకి దిగగానే సెల్లార్లలో దూరకు. ముందు పైకెక్కి కోట దగ్గరికి వెళ్లు. పోపులు రోమ్ వదిలి అవిన్యోన్‌లో ఉన్న కాలంలో, జాన్ 22వ పోప్ 1317లో మొదలుపెట్టించిన కోట అది. ఇప్పుడు మిగిలింది ఒక బురుజు గోడ మాత్రమే, మిగతాదాంట్లో చాలావరకు ఊళ్లోవాళ్లే ఇళ్లకి రాళ్లు పట్టుకుపోయారు, ఉన్న బురుజుని 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం పేల్చేసింది, సగం కూలింది, సగం నిలబడింది. పోప్ కథ వినడానికి బావుంటుంది, సీసా మీద ముద్రకి అంతకంటే బావుంటుంది, అయితే నిన్ను అక్కడికి ఎక్కమంటున్నది కోట కోసం కాదు. అక్కడ నిలబడితే రోన్ నది, దూరంగా అవిన్యోన్, ఇంకోవైపు వాంతూ కొండ, మధ్యలో తోటలు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఉత్తరం నుంచి కొట్టే మిస్త్రాల్ అనే చలిగాలి ఉన్న రోజైతే టోపీ ఆగదు, ఎండ చూసి మోసపోకుండా జాకెట్ పట్టుకెళ్లు. ఆ గాలే వీళ్లకి పెద్ద దిక్కు, వాన పడ్డ తర్వాత ఆకులు ఆరబెట్టి తెగుళ్లు రాకుండా చూస్తుంది. పందిళ్లు లేకుండా మొక్కని పొట్టిగా, పొద లాగా పెంచడం కూడా ఆ గాలిని తట్టుకోవడానికే.

తర్వాత ఊరికి తూర్పున లా క్రో అనే మెరక వైపు కారు పోనివ్వు, ఒకచోట ఆగి నేల చూడు. మట్టి కనపడదు, అంతా గుండ్రాళ్లే, కొన్ని పిడికిలంత, కొన్ని తలకాయంత. లక్షల ఏళ్ల కింద నది ఆల్ప్స్ వైపు నుంచి దొర్లించుకొచ్చిన రాళ్లు అవి. పగలంతా ఎండని పీల్చుకుని రాత్రి వదులుతాయి, కింద ఉన్న ఎర్ర బంకమట్టిలో తేమ ఆరిపోకుండా కాపాడతాయి. ఊరికి వెళ్లిన ప్రతివాడూ ఈ రాళ్ల ఫొటో పెట్టి షాతోనఫ్ అంటే ఇదే అంటాడు. కాదు. ఆ ఊళ్లోనే ఇసుక నేలలున్నాయి, తెల్ల సున్నపురాయి నేలలున్నాయి. ఎంతో పేరున్న షాతో రయాస్ తోటలో రాళ్లు కాదు, ఇసుకే, చుట్టూ చెట్లు, వేసేది గ్రెనాష్ అనే ఒక్క నల్ల ద్రాక్ష రకమే. ఆ వైన్ చూడ్డానికి పల్చగా, లేత ఎరుపులో ఉంటుంది, వాసన మాత్రం గది నిండిపోతుంది. దాని ధర అడక్కు, మీ నాన్న మీద ఎంత ప్రేమున్నా కొనలేవు.

అందుకని రుచి చూసేచోట మొదటి ప్రశ్న నేల గురించే అడుగు: ఇది ఇసుకదా, రాళ్లదా? సామాన్యంగా ఇసుకది నాజూగ్గా, పువ్వుల, ఎర్ర పండ్ల వాసనతో, నోట్లో మెత్తగా ఉంటుంది. రాళ్లు, బంకమట్టిదైతే బరువుగా, ముదురుగా, కాస్త ఒగరు పట్టు ఉండి చాలాకాలం నిలుస్తుంది. రెండూ పక్కపక్కన పోయమని అడుగు, వాళ్లు సంతోషంగా పోస్తారు. నీకు తేడా తెలిసిపోతే సగం పని అయిపోయినట్టే.

రెండో ప్రశ్న, గ్రెనాష్ ఎంత, మిగతావి ఏంటి. చట్టం పదమూడు ద్రాక్ష రకాలు ఒప్పుకుంటుందని అందరూ చెప్తారు, రంగుల వారీగా విడదీసి లెక్కపెడితే పద్దెనిమిది, వాటిలో తెల్ల ద్రాక్షలు కూడా ఉన్నాయి, రెడ్ వైన్‌లో వాటిని కలిపినా తప్పు కాదు. పదమూడూ పెంచేవాళ్లలో బోకాస్తెల్ అనే తోట ముందు చెప్పుకోవాల్సింది, అక్కడ మూర్వేద్ర్ అనే నల్ల ద్రాక్ష వాటా ఎక్కువ, కాబట్టి వాళ్ల వైన్‌లో తోలు, అడవి వాసన లాంటివి తగులుతాయి. చాలామందికి మాత్రం గ్రెనాషే ప్రాణం, ఊళ్లో ఎక్కువ భాగం అదే. గ్రెనాష్ తీపిగా పండుతుంది, ఆల్కహాల్ ఎక్కువ ఇస్తుంది, రంగు తక్కువ ఇస్తుంది, గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. రంగుకి సీరా, గట్టి పట్టుకి మూర్వేద్ర్ కలిపేది అందుకే.

మూడోది, దేంట్లో ఉంచారు? సిమెంట్ తొట్టెలోనా, పెద్ద పాత చెక్క పీపాలోనా, చిన్న కొత్త పీపాలోనా? ఇక్కడ నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నా, నాకు కొత్త చెక్క వాసన నచ్చదు. 1990ల నుంచి అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఈ ఊరి వైన్లకి పెద్ద పెద్ద మార్కులు వేయడం మొదలుపెట్టాక ధరలు పైకి పోయాయి, దాంతోపాటు కొందరు ఇంకా ముదురు, ఇంకా బరువు, స్పెషల్ బాటిల్ అంటూ పరుగెత్తారు. ఈమధ్య చాలామంది మళ్లీ తేలిక వైపు వస్తున్నారు, మంచిదే. నీకు సెల్లార్లో మామూలు బాటిల్, దానికి రెండింతల ధరలో స్పెషల్ బాటిల్ చూపిస్తే మామూలుదే తీసుకో. ఆ ఇంటి అసలు రుచి ఏంటో తెలిసేది అందులోనే.

లోపలికి వెళ్లగానే ముందు "బోంజూర్" అను, అది అనకుండా ప్రశ్నలు మొదలుపెడితే ఎంత మంచివాడైనా మొహం ముడుచుకుంటాడు. ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టి ఉంటుంది, వాడుకో. అమ్మమ్మ చూస్తే వీపు పగిలేది గానీ అక్కడ ఉమ్మేవాడికే మర్యాద, పని తెలిసినవాడు అనుకుంటారు. కొన్నిచోట్ల ఫ్రీగా పోస్తారు, కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు. ఫ్రీగా అరగంట మాట్లాడి పోసినవాడి దగ్గర ఒక్క బాటిలైనా కొనకుండా రావద్దు.

ఆ ఊరివాళ్ల తత్వం కూడా కొంచెం తెలిసి వెళ్లు. నేల విషయంలో మహా మొండివాళ్లు. ఒకప్పుడు వాళ్ల పేరు పెట్టుకుని ఎవడు పడితే వాడు ఏ వైన్ పడితే ఆ వైన్ అమ్మేవాడు. బారన్ లెరువా అని, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు, లా చదివినవాడు, షాతో ఫోర్తియా అనే వైన్ తోటవాళ్ల అమ్మాయిని చేసుకుని ఇల్లరికం వచ్చినట్టే వచ్చాడు. 1923 నుంచి ఆయన ముందుండి రైతులందరి చేతా కట్టుబాట్లు పెట్టించాడు: హద్దు ఎక్కడిదాకా, ఏ రకాలు వేయాలి, ఎంత ఆల్కహాల్ ఉండాలి, చెడ్డ కాయలు ఏరిపారేయాలి, రోజే అనే గులాబీరంగు వైన్ చేయనే కూడదు. లావెండర్, వాము లాంటి ఆ థైమ్ మొక్క రెండూ పెరిగేటంత బీడు నేలే మా నేల అని హద్దు గీశారు. హెక్టారుకి 35 హెక్టోలీటర్లకి, అంటే 3,500 లీటర్లకి మించి తీయకూడదన్న రూలు ఇప్పటికీ ఉంది. ఊరి పేరుతో అమ్మే వైన్‌కి గుర్తింపు, కట్టుబాట్లు పెడుతూ ఫ్రాన్సు మొత్తానికి 1935లో వచ్చిన చట్టానికి ఈ ఊరి పద్ధతే దారి చూపించింది, 1936లో ఆ గుర్తింపు దక్కిన మొదటి ఊళ్లలో ఇదొకటి.

అదే ఊరి మేయరు 1954లో ఇంకో ఆర్డరు కూడా వేశాడు, నవ్వకు, మా ఊరి హద్దుల్లో ఏ దేశపు ఎగిరే పళ్లెమూ దిగకూడదు, దిగితే పట్టుకుని సీజ్ చేస్తామని. పబ్లిసిటీ కోసమే అనుకో, కానీ 2016లో అప్పటి మేయరు దాన్ని తీసేయనని చెప్పాడు. ఇలాంటి ఊరు అది. "మీ వైన్ బోర్డో లాగా ఉంది" అంటూ ఫ్రాన్సులోనే ఇంకో వైన్ ప్రాంతంతో పోల్చే మాటలు మాత్రం నోరు జారకు.

సీసా మీద ఉబ్బెత్తుగా పోప్ కిరీటం, తాళంచెవుల ముద్ర ఉంటుంది. 1937 నుంచి ఉందది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, క్వాలిటీకి హామీ మాత్రం కాదు, మంచి రైతుల్లో కొందరు అది లేకుండానే అమ్ముతారు. లేబుల్ మీద తోటలోనే సీసాకెత్తినట్టు ఉందా లేదా చూసుకో, అది ముఖ్యం. సీసా మీద ఉండే ద్రాక్ష కోసిన సంవత్సరాల్లో 2016 కనిపిస్తే కళ్లు మూసుకుని తీసుకో. 2018లో బూజు తెగులు గ్రెనాష్‌ని బాగా దెబ్బతీసింది, ఆ ఏడాదిది రుచి చూడకుండా కొనకు. ఇంకో సంగతి, ఈ వైన్లు చాలావరకు మొదటి రెండు మూడేళ్లు బావుంటాయి, తర్వాత కొన్నేళ్లు మూగబోయినట్టు ఉంటాయి, ఎనిమిది పదేళ్లకి మళ్లీ విచ్చుకుంటాయి. నడిమధ్య వయసుది తీసి రుచి లేదని తిట్టుకోవడం చాలామంది చేసే పని.

బడ్జెట్ టైట్ అయితే మొహమాటపడకుండా అదే రైతు ఆ చుట్టుపక్కల ప్రాంతమంతటి పేరుతో చేసే కోత్ దు రోన్ వైన్ అడుగు, లేదా నది అవతల లిరాక్, నదికి ఇవతలే కాస్త దూరంలో జిగొందాస్, వాకెరాస్ ఊళ్ల వైన్లు చూడు. డబ్బుకి తగ్గ రుచి అక్కడే ఎక్కువ, నేను ఇంట్లో తాగేది అవే.

ఇక మీ నాన్న. బావగారు విస్కీ మనిషి, నాజూకు వైన్ ఇస్తే "ఇదేంట్రా షర్బత్తు" అంటారు. కాబట్టి రాళ్ల నేలది, మూర్వేద్ర్ కాస్త ఉన్నది, ఇప్పుడే తాగడానికి పనికొచ్చే ఏడాదిది తీసుకో. ఇండియాలోకి ఒక్కో పెద్దవాళ్లకి రెండు లీటర్ల దాకా డ్యూటీ లేదు, రెండు బాటిళ్లు కలిపి లీటరున్నరే కాబట్టి ఇబ్బంది లేదు. చెకిన్ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పెట్టు, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది. బెజవాడ తీసుకెళ్లాక షోకేసులో పెట్టి చుట్టాలకి చూపించే ప్రోగ్రాం వద్దని బావగారికి గట్టిగా చెప్పు. ఒక్క ఎండాకాలం ఆ వేడిలో ఉంటే అది వైన్ కాదు, ఉడికిన జామ్ అవుతుంది. ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టి కొన్ని నెలల్లో తాగేయాలి, తాగే ముందు కాసేపు బయట పెట్టు, పదహారు పద్దెనిమిది డిగ్రీల దగ్గరికి రావాలి, మన గది వేడిలో ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది. తోడుగా గోంగూర మటన్ పెట్టొద్దు, ఆ పులుపూ కారమూ 15 శాతం ఆల్కహాల్ కలిస్తే గొంతు మండుతుంది. మిరపకారం తగ్గించి, మిరియాలు ధనియాలతో నెమ్మదిగా వేయించిన మటన్ అయితే చక్కగా కుదురుతుంది, వండమని అక్కయ్యని నువ్వే బతిమాలుకో. బాటిళ్లు ఎవరు కొనమన్నారని అడిగితే నా పేరు మాత్రం ఎత్తకు.

మీ మావయ్య