లైనరా, రెయిన్‌సూటా?

ప్రశ్న: ఆగస్టులో విశాఖ నుంచి అరకుకు బైక్ మీద వెళ్తున్నాం. లోపల వాటర్‌ప్రూఫ్ లైనర్ ఉన్న జాకెట్ కొనాలా, విడిగా రెయిన్‌సూట్ చాలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: విడి రెయిన్‌సూటే కొనండి తమ్ముడూ. లైనర్ ఒంటిని తడవనివ్వదు గానీ పైజాకెట్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, గాలికి వణుకు పుడుతుంది. అనంతగిరి ఘాట్‌లో నాకదే అయింది. వేళ్లు కొయ్యబారి క్లచ్ నొక్కలేకపోయాను.

కొనేముందు సూట్ లోపలివైపు తిప్పి కుట్లు చూడండి. కుట్టు పొడవునా టేపు అతికించి ఉండాలి. గుడ్డ ఎంత మంచిదైనా సూది రంధ్రాల్లోంచి నీరు దిగుతుంది. ముఖ్యంగా తొడల మధ్య కుట్టు చూడండి, కూర్చున్నప్పుడు నీళ్లు చేరేది అక్కడే. జాకెట్ మీద తొడుక్కుని, బండెక్కి కూర్చుని సైజు చూసుకోండి. ప్యాంటు అంచు బూటు మీదికి రావాలి. సైలెన్సర్‌కు తగిలితే కరుగుతుంది, జాగ్రత్త. మంచులో కనబడాలి కాబట్టి నలుపు మాత్రం వద్దు.